ఖాతా బుక్కు ముందల పెట్టుకొని పరలోక ప్రార్థన

జడ్చర్లల నాది చిన్న కిరాణం. పొద్దున షట్టర్ ఎత్తేముందు పరలోక ప్రార్థన, అంటే యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన, చేసుకునుడు మా అత్తమ్మ నుంచి వచ్చిన అలవాటు. ఇరవై ఏండ్లు గల్లపెట్టెల చిల్లర లెక్కపెట్టుకుంటనే చదివిన. అర నిమిషంల అయిపోయేది. నోటికొచ్చిన ప్రార్థనతోని కష్టం అదే, నోరు చదువుతనే ఉంటది, మనిషి ఉండడు. ఇప్పుడు చేసే తీరు చెప్త.

మొదలు "మా" కాడ ఆగుండ్రి. ఈ ప్రార్థనల "నా" అన్న మాట ఒక్కటి లేదు. మా తండ్రీ, మా ఆహారము, మా ఋణములు. ఆ "మా"ల ఎవరెవరున్నరో పేర్లు పెట్టి అనుకోండి. నచ్చినోళ్లతోని ఆపితే లాభం లేదు. నేనైతే ఎదురు దుకాణపోళ్లను గుడ కలుపుత. మొదటి వారం గొంతుల ముల్లు ఇరికినట్టే ఉండె.

"నీ చిత్తము", అంటే నీ ఇష్టం, అని దేవునితోని అన్నంక మన ప్లాను చెప్పుడు బందు పెట్టాలె, గంతే.

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." కతోలికులు "నానాటికి కావలసిన మా అన్నము" అంటరు, నాకు అదే దగ్గరగ అనిపిస్తది. వెనక అర్రల బియ్యం బస్తాలు పెట్టుకొని నేనిది అడుగుడేంది అని ఒకనాడు నవ్వొచ్చింది. అప్పటి నుంచి ఇక్కడ అడ్డా మీద పనికి నిలబడ్డోళ్లను, పాలమూరు నుంచి బొంబాయి, పూనా బస్సెక్కినోళ్లను తలుచుకుంట.

ఇగ అసలు గండం. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." బైబిల్ల ఈ ప్రార్థన రెండు కాడ ఉంటది. లూకా 11వ అధ్యాయంల "పాపములు" అని ఉంటది గాని మత్తయి 6వ అధ్యాయంల ఋణములే. యేసు మాట్లాడిన అరామిక్ భాషల అప్పుకు, పాపానికి ఒకటే మాట, హోబా. నాసొంటి దుకాణపామెకు తప్పించుకునే తొవ్వ లేదు. "క్షమించబోయే" గాదు, "క్షమించియున్న". ప్రార్థన అయినంక గుడ 14, 15 వచనాలల యేసు మళ్ల దీని మీదికే వస్తడు, వేరే ఏ మాట మీదికీ రాడు.

అందుకే ఖాతా బుక్కు తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టి, ఆ మనిషి పేరుతోని ఈ లైను చదువుండ్రి. ఖాతా లేనోళ్లు ఫోన్ల బ్లాక్ చేసిన నంబర్లు చూసుకోండి. ఒకాయన 4,300 బాకీ పెట్టి పూనా పోయిండు. ఆయన భార్య మా దుకాణం ముందు నుంచి తల దించుకొని పోతుండె. మూడు నెలలు ఆ పేజీ కాడ నాకు నోరు పెగల్లే. పెగలకుంటే దాటేసి పోవద్దు. "తండ్రీ, ఇది అనలేకపోతున్న" అని అక్కడనే ఆపి షట్టర్ ఎత్తుకోండి. చివరికి పేజీ కొట్టేసిన, ఇంటికి పోయి ఆమెకు చెప్పొచ్చిన. దేవునికొక్కనికే చెప్పి ఊకుంటే ఆమెకెట్ల తెలుస్తది?

కొట్టే మొగణ్ని గుడ క్షమించాల్నా అక్కా అని ఒక చెల్లె అడిగింది. బాకీ కొట్టేసుడు వేరు, మళ్ల అప్పిచ్చుడు వేరు. తలుపుకు గొళ్లెం పెట్టుకొని గుడ క్షమించొచ్చు బిడ్డా అన్న.

ఆఖర్ల "శోధన"ల పడెయ్యకు అని అడుగుతం. శోధన అంటే తప్పు చెయ్యబుద్ధి పుట్టుడు, ఏదో పెద్దది అనుకోకుండ్రి. నాకది కాంటా. సంచి బరువు తీసెయ్యకుండ తూచాలనిపించే ఆ ఒక్క నిమిషం. దాన్ని గుడ పేరు పెట్టే అడుగుత.

నా బుక్కుల ఇంకా రెండు పేజీలున్నయి. ఒకటి మా సొంత తమ్మునిది. రేపు పొద్దున మళ్ల అక్కడనే ఆగుతనేమో.