కార్పెట్ వాషర్ బ్రష్ తిరగకపోతే: విప్పే ముందు జాగ్రత్తలు

ముందుగా ప్లగ్ పీకండి. స్విచ్ ఆపితే చాలదు. జుట్టు తీసేటప్పుడు చెయ్యి తగిలి స్విచ్ ఆన్ అయితే బ్రష్ ఒక్కసారిగా తిరిగి వేళ్లు లాగేస్తుంది. చేతులు, ప్లగ్ పొడిగా ఉండాలి.

మంచినీళ్లది, మురికినీళ్లది, రెండు ట్యాంకులూ తీసి ఖాళీ చేయండి. నీళ్లుండగా మెషీన్ తిరగేస్తే అవి మోటార్‌లోకి దిగవచ్చు. ఈ ఒక్క పొరపాటుతో చిన్న రిపేరు పెద్దదవుతుంది.

స్క్రూడ్రైవర్ పట్టే ముందు ఇవి చూడండి:

- చాలా మోడళ్లలో హ్యాండిల్ నిటారుగా ఉంటే బ్రష్ తిరగదు. వెనక్కి వంచారా? బ్రష్ స్విచ్ ఆన్‌లో ఉందా?
- బ్రష్‌కు ఏదైనా అడ్డుపడితే మోటార్ వేడెక్కి, దాన్ని ఆపేసే రక్షణ కట్‌ఆఫ్ పడవచ్చు. అడ్డు తీసి, ప్లగ్ పీకే ఉంచి అరగంట చల్లారనివ్వండి.
- కాలిన రబ్బరు వాసన వస్తే బ్రష్‌ను తిప్పే బెల్టు జారి అరిగి ఉండవచ్చు. అదే మోడల్ బెల్టు తెచ్చుకున్నాకే విప్పండి. కొలత కాస్త తేడా ఉన్నా మళ్లీ జారవచ్చు.

మెషీన్ కింద పాత తువ్వాలు పరవండి. బెల్టు ఏ వైపు ఎలా చుట్టి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండకపోవచ్చు, ఏది ఎక్కడిదో గుర్తుపెట్టి గిన్నెలో వేయండి. జుట్టు, దారాలు కోయడానికి చిన్న కత్తెర చాలు. బ్లేడు మాత్రం వద్దు, బెల్టు తెగుతుంది.