బెల్టు కాదు, అది తగిలించిన చోటు: వానల ముందు రికవరీ (దిగబడిన బండిని బయటికి లాగడం) జాగ్రత్తలు

గత వారం వికారాబాద్ వైపు చెరువు గట్టు కింద దిగబడిన జీపును ఇంకో బండికి బెల్టు కట్టి లాగుతుంటే దాని ముందు కొక్కెం ఊడి ఎగిరింది. లాగుతున్న బండి వెనుక అద్దం పగిలింది, కొక్కెం సీటు వీపులో దిగింది. ఆ సీటులో ఎవరూ లేరు. లాగిన బెల్టు మాత్రం చెక్కుచెదరలేదు. కొత్తది, ఖరీదైనది. ఊడింది దాన్ని తగిలించిన చోటు.

వానలు పడగానే నల్లరేగడిలోకి, మారేడుమిల్లి దారుల్లోకి వెళ్లాలనుకునేవారు వించ్ (తాడు చుట్టి బండిని లాగే యంత్రం), స్నాచ్ స్ట్రాప్ (సాగే లాగుడు బెల్టు), షాకిళ్లు (బెల్టును కొక్కేనికి తగిలించే పిన్ను ఉన్న ఇనుప లంకెలు) కొని బిగించుకునేది ఇప్పుడే. ఏది కొనాలో చెప్పేవారికి కొదవ లేదు. టైర్లలో గాలి తగ్గించడం, ఒంటరిగా వెళ్లకపోవడం మీకు తెలిసినవే. నేను అడిగేది ఒక్కటే: బెల్టు తగిలించే కొక్కేన్ని ఛాసిస్‌కు, అంటే బండి కింది ఉక్కు చట్రానికి బిగించారా, లేదా?

బండి కింద కనిపించే కొక్కేలన్నీ లాగడానికి పెట్టినవి కావు. కొన్ని లారీ మీద, ఓడలో బండి కదలకుండా కట్టడానికి. బంపరులో చిన్న మూత తీసి మర తిప్పి బిగించే కొక్కెం, ఆగిపోయిన బండిని చదును రోడ్డు మీద మెల్లగా లాక్కెళ్లడానికి. వెనుక ట్రైలర్ తగిలించే ఇనుప గుండు, టో బాల్, వీటన్నిటికన్నా ప్రమాదకరం. జెర్కుకు దాని మెడ విరిగిందంటే అది ఫిరంగి గుండే. ఆస్ట్రేలియాలో ఇలా మనుషులు చనిపోయారు.

తొమ్మిది మీటర్ల స్నాచ్ స్ట్రాప్ సుమారు 20 శాతం సాగుతుంది, అంటే దాదాపు రెండు మీటర్లు. అలా సాగి పట్టుకున్న బలమంతా, ఏదైనా ఊడిన క్షణంలో ఆ ఊడిన ఇనుముకు చేరుతుంది. పైగా దిగబడిన బండిని కదిలించడానికి దాని బరువొక్కటే లెక్క కాదు. సైన్యం రికవరీ లెక్కల్లో చక్రాల దాకా దిగితే బండి బరువంత, మడ్‌గార్డుల దాకా అయితే రెండింతలు, బాడీ దాకా అయితే మూడింతల బలం కావాలని లెక్క వేసుకుంటారు. ఇంత బలాన్ని బంపరు బ్రాకెట్టు ఎలా ఓర్చుకుంటుంది?

థార్, జిమ్నీ, జిప్సీలకు కింద నిచ్చెన ఛాసిస్ ఉంది కాబట్టి పని తేలిక. ఛాసిస్ విడిగా లేని ఎస్‌యూవీని బురదలోకి దించేవారు కంపెనీ పుస్తకం చూసి, అందులో లేని చోట బెల్టు తగిలించకండి. అసలు దించకపోతే ఇంకా మంచిది.

బంపరు ముందు బిగించుకునే పైపు చట్రం, బుల్‌బార్ సంగతి. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని. చట్టాన్ని పక్కన పెట్టినా, ఆ పైపుకు వెల్డింగ్ చేసిన రింగు అలంకారమే. దానికి బెల్టు తగిలించారంటే మీ మిత్రుడి వెనుక అద్దానికి గురి పెట్టినట్టే.

కొక్కెం బిగించేటప్పుడు బోల్టు తల చూడండి. దాని బలాన్ని తెలిపే 8.8 లేదా 10.9 అంకె ఉండాలి. అంకె లేని బోల్టు వద్దు. ఛాసిస్ పట్టీ లోపల బోలుగా ఉంటుంది. బోల్టు చుట్టూ లోపల గొట్టం పెట్టకుండా బిగిస్తే గోడలు నొక్కుకుపోయి, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది. ఛాసిస్ మీద వెల్డింగ్ వద్దు, వేడి తగిలినచోట ఉక్కు గుణం మారుతుంది.

వించ్ శక్తి బండి పూర్తి బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. పెట్టె మీద రాసిన అంకె, తాడు చుట్టుకునే డ్రమ్ము మీద మొదటి వరుసకే, పై వరుసలకు శక్తి తగ్గుతుంది. వించ్‌ను కూర్చోబెట్టే ప్లేటునూ ఛాసిస్‌కే బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ సెన్సారుకు అడ్డం రాకూడదు. బ్యాటరీ తీగ పదునైన అంచులకు రాసుకోకూడదు, మధ్యలో ఆపు స్విచ్ తప్పనిసరి.

ఇక మిగతావి, వరుస లేకుండా.

మోయగల బరువు ముద్రించని షాకిల్ కొనకండి. పిన్ను పూర్తిగా తిప్పి, పావు చుట్టు వెనక్కు తీయండి, లేకపోతే బిగుసుకుని రాదు. రెండు బెల్టులను షాకిల్‌తో కలపకండి. వించ్‌తో స్నాచ్ స్ట్రాప్ వాడకండి. ఉక్కు తాడు పట్టుకునేటప్పుడు చేతులకు తోలు తొడుగులు. డ్రమ్ము మీద ఉక్కు తాడు కనీసం ఐదు చుట్లు మిగలాలి. సింథటిక్ తాడైతే పది. బెల్టు మీద తడి గోనె వేయండి. బెల్టు సాగుతున్నప్పుడు ఫోను పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి తరిమేయండి. ఎవరూ బెల్టు పొడవుకు ఒకటిన్నర రెట్ల లోపల ఉండకూడదు, బెల్టు మీదుగా దాటకూడదు. ఎదుటివాడు చూపించిన కొక్కేన్ని నమ్మకండి, బండి కిందికి వంగి చూడండి. ఛాసిస్‌కు లేదా? తగిలించకండి. చీకటి పడుతున్నా, వాన ముంచుకొస్తున్నా, పార పట్టుకుని తవ్వండి.