ఆకు పసుపుబారిందా? పై ఆకా, కింది ఆకా ముందు చూడండి

మొక్కలతో కబుర్లు చెబితే ఏపుగా పెరుగుతాయంటారు. చెప్పండి, నష్టం లేదు. కానీ అవి చెప్పేది కూడా కాస్త వినాలి కదా. ఆకు పసుపుబారిందనగానే "ఏం మందు కొట్టాలి?" అని అడుగుతారే గానీ, ముందు మారింది చిగురా, ముదురాకా అని చూడరు. సగం జవాబు అక్కడే ఉంటుంది.

కింది ముదురాకులు ముందు పసుపుబారితే

నత్రజని చాలడం లేదు. మొక్క ముదురాకులోని నత్రజనిని లాగి చిగురుకు పంపుకుంటోంది. చెల్క మట్టిలో, అంటే ఎర్ర ఇసుక నేలలో, ఇది మామూలే. కుండీకి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు వేసి పైపైన కలపండి.

మట్టి తడిగా ఉన్నా మొక్క వాడితే

వేలు రెండు కణుపుల లోతు దించండి. తడి తగిలితే నీళ్లు ఆపి, కుండీ అడుగు రంధ్రం పూడిపోయిందేమో చూడండి. మట్టి పులిసిన వాసన వస్తే వేరు కుళ్లుతున్నట్టే. సొర, బీర మిట్టమధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకుంటే అది ఎండ దెబ్బ, దాహం కాదు.

చిగురు పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే

గులాబీ, మందారం, కళ్యామాకు (కరివేపాకు), నిమ్మ, బత్తాయిల్లో ఇదే ఎక్కువ. ఇది ఇనుము లోపం. అందరూ బోల్తా పడేది ఇక్కడే, ఎందుకంటే మట్టిలో ఇనుము ఉంటుంది, మొక్కకే అందదు. మన బోరు నీళ్లలోని సున్నం, బైకార్బొనేట్ మట్టిని క్షారంగా మార్చి ఇనుమును కరగనివ్వవు. పైగా నల్లగొండ వైపు ఫ్లోరైడ్ భయంతో ఇంటింటా ఆర్ఓ మిషన్. దాని వేస్ట్ పైపు కింద బకెట్ పెట్టి, "నీళ్లు వృథా ఎందుకు" అని రోజూ కుండీల్లో పోస్తారు. బోరులోని ఉప్పంతా ఆ బకెట్‌లోనే చిక్కబడి ఉంటుంది! ఆ నీళ్లు బండలు కడగడానికి వాడుకోండి.

కుండీ అంచున తెల్లటి పొర కట్టిందా? దాని మీద నిమ్మరసం చుక్క వేయండి. బుసబుస పొంగితే సున్నమే. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ఉంటే బోరు నీళ్లు కొలవండి. 500 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) లోపు పర్వాలేదు, 1000 దాటితే గులాబీ, నిమ్మ జాతి తట్టుకోలేవు. అయితే ఆ మీటర్ బైకార్బొనేట్‌ను విడిగా చూపదు, అంకె తక్కువుందని నిమ్మరసం పరీక్ష మానకండి.

ముందు నీళ్లు మార్చాలి. వాన నీళ్లు మేలు, లేదంటే మిషన్ భగీరథ నల్లా నీళ్లు. 100 చదరపు అడుగుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 80 లీటర్ల పైనే పట్టుకోవచ్చు. పేరుకున్న ఉప్పు పోవాలంటే, కుండీ పరిమాణానికి రెండింతల మంచి నీళ్లు నెమ్మదిగా పోసి, అడుగు నుంచి పూర్తిగా కారనివ్వాలి. కింద ప్లేటు తీసేయండి, లేకపోతే కారిన ఉప్పునే మళ్లీ పీల్చుకుంటుంది.

తర్వాత పిచికారీ. లీటరు వాన నీళ్లలో ముందు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము, అది కరిగాక అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు కలిపి వెంటనే సాయంత్రం పూట కొట్టండి. ద్రావణం తుప్పు రంగుకు తిరిగితే పారబోయండి, అందులో మొక్కకు పనికొచ్చే ఇనుము మిగలదు. బోరు నీళ్లతో కలిపితే జరిగేది ఇదే. 10-15 రోజుల తేడాతో రెండు మూడు సార్లు కొట్టి, కొత్తగా వచ్చే చిగురును చూడండి. పాత ఆకు పూర్తిగా తేరుకోకపోవచ్చు. అన్నభేదిని మట్టిలో చల్లడం దండగ, సున్నం దాన్నీ మింగేస్తుంది. మట్టికే వేయాలంటే ఇనుమును కరిగే రూపంలో పట్టి ఉంచే ఈడీడీహెచ్ఏ చీలేట్ తీసుకోండి. చవగ్గా దొరికే ఈడీటీఏ రకం క్షార మట్టిలో నిలవదు.

మిగతావి

మిరపాకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికైతే నల్లి. మొదటిదానికి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొట్టండి. రెండోదానికి నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు, అదీ ఎండ తగ్గాకే. మే నెలలో టమాట పూత రాలితే ఏమీ చేయకండి, వేడి తగ్గితే నిలుస్తుంది.