హైదరాబాద్‌లో మంచి హోటలు వెతుక్కునే పద్ధతి

హైదరాబాద్‌కు కొత్తగా వచ్చినవారు మొదట అడిగేది, ఇక్కడ అన్నిటికన్నా మంచి హోటలు ఏది అని. ఆ ప్రశ్నకు పనికొచ్చే జవాబు దొరకదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా వేసిన ఈ ఊరికి ఇరానీలు, యెమెన్ నుంచి వచ్చిన హద్రమీ అరబ్బులు, మార్వాడీలు, కాయస్థులు, తమిళులు, మరాఠీలు వేర్వేరు కాలాల్లో వచ్చి, వేర్వేరు పేటల్లో స్థిరపడి, ఎవరి వంటను వారు నిలుపుకున్నారు. 2019లో యునెస్కో ఆహార సంస్కృతి విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది ఇటువంటి ఊరిని. కాబట్టి ఏం తినాలో ముందు నిర్ణయించుకుని, ఆ వంట ఎవరిదో, వారు ఏ పేటలో ఉంటారో, దాన్ని ఏ పూట తింటారో ఆరా తీయడం మేలు. రేటింగులను ఆ తరువాత చూడవచ్చు.

పూట విషయంలో చాలామంది పొరబడతారు. పాతబస్తీలో నహారీ, అంటే సన్నని సెగ మీద చాలాసేపు మగ్గించిన మాంసపు పులుసు, తెల్లవారుజామున తినేది; పొద్దెక్కాక వెళితే గిన్నె అడుగున మిగిలిందే దక్కుతుంది. ఖిచిడీ, ఖీమా, ఖట్టా అనే పుల్లని పులుసు కలిపి తినడం కూడా ఉదయపు అలవాటే. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్ నుంచి వచ్చిన కుటుంబాలు స్థిరపడిన బార్కస్‌ పేటలో గోధుమా మాంసమూ మెదిపి చేసే హరీస్‌ను పొద్దున్నే అమ్ముతారు, తీపిగానూ ఉప్పగానూ. దాని వారసురాలైన హలీం 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందింది. అది రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళ, భట్టీ దగ్గర గోధుమనూ మాంసాన్నీ కర్రలతో మెదుపుతున్నది కంటికి కనబడే చోట తినవలసిన పదార్థం.

బిర్యానీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పేరు బోర్డు మీద లేని హోటలు ఈ ఊళ్లో అరుదు. హైదరాబాదీ కచ్చీ బిర్యానీలో పెరుగు, మసాలాలు పట్టించిన పచ్చి మాంసాన్ని గిన్నె అడుగున పరిచి, సగం ఉడికిన బాస్మతి బియ్యాన్ని పైన పోసి, మూత చుట్టూ పిండి ముద్ద అంటించి దమ్ మీద మగ్గిస్తారు. మాంసమూ బియ్యమూ ఒకేసారి ఉడికి తీరాలి గనుక చేయి తిరిగిన మాస్టరు ఉండాలి; లేనిచోట కూర విడిగా వండి అన్నంలో కలిపేస్తారు. తేడా పళ్లెంలోనే తెలిసిపోతుంది. వడ్డించే మనిషి గిన్నె అంచు వెంట పళ్లెం దించి అడుగు నుంచి తోడినప్పుడు, తెల్లని మెతుకు, కుంకుమపువ్వు తగిలిన పసుపు మెతుకు, మసాలా పీల్చుకున్న గోధుమరంగు మెతుకు దేనికది విడిగా కనబడాలి; ముక్కను వేలితో నొక్కితే ఎముక నుంచి ఊడిరావాలి. అన్నమంతా ఒకే నారింజ రంగులో ఉంటే అది రంగు పొడి చలవ. మధ్యాహ్నం పన్నెండున్నరకూ ఒంటిగంటకూ మధ్య వెళితే అప్పుడే మూత తీసిన గిన్నె దొరుకుతుంది; నాలుగింటికి వెళ్లి ఎండిపోయిందని నిందించడం న్యాయం కాదు. బిర్యానీతో పాటు ఇచ్చే పులుసు, సాలన్‌లో పల్లీ, నువ్వులు, కొబ్బరి రుచి తెలియాలి, చింతపండు పులుపు చివర్లో తగలాలి. నా మటుకు నేను సాలన్ నీళ్లలా వచ్చిన చోటికి రెండోసారి వెళ్లను. ఘాన్సీ బజార్ షాదాబ్, బషీర్‌బాగ్ కేఫ్ బహార్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ బావర్చీ పేరున్నవే గానీ, బావర్చీ అన్న బోర్డు నగరంలో ఎన్నో చోట్ల కనబడుతుంది కనుక పేరు చూసి కాక చిరునామా చూసి వెళ్లాలి.

ఇరానీ చాయ్‌కు గిరాకీయే కొలమానం. డికాషన్‌ను మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచి, పాలను విడిగా చిక్కబడేదాకా మరిగిస్తారు. జనం ఆగకుండా వస్తుంటేనే ఆ రెండూ తాజాగా ఉంటాయి. చార్మినార్ పక్కన నిమ్రా, సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫా అందుకు మంచి ఉదాహరణలు.

తెలుగు భోజనం కావలసినవారు హాస్టళ్లు కిక్కిరిసిన అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు వైపు చూడాలి. అక్కడి మెస్సులకు రోజూ వచ్చేవారే ఆధారం, కనుక రుచి తగ్గితే వారంలో బల్లలు ఖాళీ అవుతాయి. కూరా పులుసూ రోజూ మారుతున్నాయా, పొడీ నెయ్యీ అడగకముందే వస్తున్నాయా, అన్నం పొగలు కక్కుతోందా అన్నవి చూస్తే చాలు. తెలంగాణ వంటకు బగారా అన్నం, నాటుకోడి, జొన్నరొట్టె, పచ్చిపులుసు దొరికే చోటు వెతకాలి. పచ్చిపులుసును కాచి ఇస్తే లేచి రావచ్చు. శాకాహారులకు బేగంబజార్ మార్వాడీ భోజనాలయాలు, బెంగాలీ, ఒడియా వంటలకు ఐటీ ఉద్యోగులుండే గచ్చిబౌలి, కొండాపూర్ పక్కవీధులు అనుకూలం.

దారి అడిగేటప్పుడు కూడా మంచి హోటలు ఏదని ఆటో డ్రైవరును అడిగితే పెద్ద బోర్డు ఉన్నదే చూపిస్తాడు. “అన్నా, మీరు రోజూ ఏడ తింటరు?” అని అడిగితే వేరే జవాబు వస్తుంది. ఫోనులో వెతికేవారు సమీక్షలను కొత్తవి ముందు వచ్చేలా అమర్చుకుని, యజమాని పెట్టిన ఫోటోలను వదిలి తిన్నవారు తీసినవి చూడాలి. ఒకే వంటకం పేరు పదిమంది విడివిడిగా రాసి ఉంటే అక్కడ అదే అడగాలి. చైనీస్, తందూరీ, దోశ, అరబ్బుల మండీ అన్నీ ఉన్న పది పేజీల మెనూను నేను నమ్మను.

గోడ మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. 2022 జనవరి నుంచి బిల్లు మీద కూడా దాన్ని ముద్రించడం తప్పనిసరి. మామూలు హోటళ్లలో జీఎస్టీ 5 శాతం. సర్వీసు చార్జీని మీ అనుమతి లేకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, కనుక కలిపి ఉంటే తీసివేయమని కౌంటరు దగ్గరే అడగవచ్చు.