జాబ్ మానేసి చేనేత బట్టల బ్రాండ్ పెడదామనుకుంటున్నారా? ముందు పొందూరు వెళ్ళిరండి

హైదరాబాద్‌లో పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి రాజాం వచ్చేశాను, ఇప్పుడు చిన్న బట్టల బ్రాండ్ నడుపుతున్నా. అదే పని చేద్దామని ఫోన్ చేసేవాళ్ళు మొదట అడిగేది లోగో ఎవరు చేశారు, ఇన్‌స్టా పేజీ ఎలా పెంచారు అని. అవన్నీ తర్వాత సంగతి అండి. మీకు బట్ట ఎక్కడి నుంచి వస్తది, ఎవరు నేస్తారు, నెలకి ఎంత నేయగలరు, ఈ మూడూ తెలిసేదాకా బ్రాండ్‌కి పేరు కూడా పెట్టకండి.

రిజైన్ చేసేముందు ఇంటి లెక్క చూసుకోండి. ఏడాదిన్నర ఇంటి ఖర్చు విడిగా పక్కన పెట్టండి, అది బిజినెస్ డబ్బుతో కలవకూడదు. గ్రాట్యుటీకి 5 ఏళ్ల సర్వీస్ నిండడానికి కొద్ది నెలలే ఉంటే ఆగండి. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ మీరు మానేసిన రోజుతో పోతది, సొంత పాలసీలకేమో పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటది, అందుకని జీతం వస్తుండగానే ఒకటి తీసుకోండి, అమ్మానాన్న మీతో ఉంటే మరీనూ.

ఇక అసలు విషయం. జాబ్‌లో ఉండగానే లీవులు పెట్టి కనీసం నాలుగైదు సార్లు శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్ళండి, మొదటిసారి ఆర్డర్ ఇవ్వడానికి కాదు, ఊరికే కూర్చుని చూడడానికి. అక్కడి సన్నఖాదీకి దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ సన్నటి పళ్ళ మధ్య చెత్తా నలకా పోయి పీచు సాపుగా వస్తది, తర్వాత దూది ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిదొప్పలో దాచుకుని అప్పుడు రాట్నం మీద వడుకుతారు, 100 కౌంట్ నూలు (కౌంట్ పెరిగేకొద్దీ నూలు సన్నం) చేత్తో తీయడమంటే ఇంత కథ ఉంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు రాట్నం దగ్గరున్న ఒక పెద్దావిడని ఆఫీసు అలవాటు కొద్దీ "వారానికి ఎంత అవుట్‌పుట్ వస్తది మామ్మా" అని అడిగాను. "ఏటి బాబూ, ఇది మిషన్ అనుకున్నావా ఏటి? చెయ్యి నొప్పెట్టినప్పుడు ఆగుతాది, కళ్ళు కనపడనప్పుడు ఆగుతాది" అంది ఆవిడ. ఆ రోజే నా ఎక్సెల్ షీట్ మొత్తం మార్చుకున్నా.

ఖాదీకీ చేనేతకీ తేడా తెలియకుండా ఈ పనిలో దిగకండి. నూలు చేత్తో వడికి, చేత్తో నేస్తేనే ఖాదీ. మిల్లు నూలు కొని మగ్గం మీద నేస్తే అది చేనేత, అదీ మంచిదే, రేటు తక్కువ, త్వరగా దొరుకుతది, మొదటి ఏడాది చాలామందికి అదే సరిపోతది. కానీ దాన్ని ఖాదీ అని అమ్మకూడదు. 2013లో వచ్చిన ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం ఖాదీ కమిషన్ సర్టిఫికెట్ లేకుండా ఆ మాట వాడి అమ్మడానికి లేదు. నిజమైన పొందూరు ఖాదీయే కావాలంటే అక్కడి ఖాదీ సంఘం నుంచి బిల్లుతో కొనండి, ఆ మాట లేబుల్ మీద వేసేముందు సర్టిఫికెట్ సంగతి తేల్చుకోండి.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. మొదట్లో ఒక మధ్యవర్తి దగ్గర 60 మీటర్లు చేనేత అని తీసుకున్నా, ఫోటోలు బాగున్నాయి, రేటు బాగుంది, వచ్చింది చూస్తే మొత్తం పవర్‌లూమ్, అంటే కరెంటు మగ్గం మీద నేసింది, పైగా పాలిస్టర్ కలిసింది. అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాల్చి చూడండి, కాటన్ అయితే కాగితంలా కాలి మెత్తటి బూడిద మిగులుతది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి ముద్దలా అవుతది. అయితే ఈ టెస్టుతో పవర్‌లూమ్ కాటన్‌ని పట్టుకోలేరు, దానికి ఒకటే దారి, మగ్గం దగ్గరికి మీరే వెళ్ళి మీ బట్ట దాని మీద ఉండగా చూడడం.

ఇప్పుడు లెక్క. ఒక మగ్గం మీద రోజుకి 3 మీటర్లు దిగుతది అనుకుందాం, నెలకి 20 పనిరోజులు వేసుకుంటే 60 మీటర్లు, కుర్తాకి రెండున్నర మీటర్లు చొప్పున 24 కుర్తాలు. సన్ననూలు అయితే ఇంకా తక్కువ. నాలుగు మగ్గాలు మీతో ఉంటే నెలకి వంద లోపే, మీ బ్రాండ్ సైజు అంతే, దానికి తగ్గట్టే ఆర్డర్లు తీసుకోండి. అన్ని నెలలూ ఒకేలా ఉంటాయనీ అనుకోకండి. వానలు పడితే వీధిలో పడుగు (బట్ట నిలువు పోగులు) సాగదీయడం కుదరదు, గుంట మగ్గంలో చెమ్మ దిగుతది. అక్టోబర్ అంటే మన ఉత్తరాంధ్ర జిల్లాలకి తుఫాన్ల నెల, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. దీపావళికి అమ్మాల్సిన బట్ట జూలై లోపే నేయించుకుని దగ్గర పెట్టుకోండి. సిరిమాను పండక్కి విజయనగరం టైలర్లు దొరకరు, సంక్రాంతి వారం ఎవరినీ పని అడగకండి, అడిగితే మర్యాదగా ఉండదు కూడా.

నేతగాళ్ళకి డబ్బులు ఎప్పుడిస్తారో ముందే చెప్పి ఆ రోజే ఇవ్వండి. నేను నూలుకి సగం అడ్వాన్స్ ఇచ్చి, బట్ట చేతికొచ్చిన రోజే మిగతా సగం వేసేస్తాను. కార్పొరేట్‌లో 60 రోజుల క్రెడిట్, 90 రోజుల క్రెడిట్ అని అలవాటైపోయుంటాం, మగ్గం మీద బతికే ఇంట్లో 60 రోజులు డబ్బు ఆగితే మళ్ళీ అప్పు పుట్టిస్తారు, ఆ అప్పు మీద వడ్డీ ఉంటది. పర్యావరణం గురించి ఎన్ని మాటలు రాసినా నేసిన మనిషికి కూలి ఆలస్యం చేస్తే మీ బట్ట మంచి బట్ట కాదు, నా మటుకు నాకు ఇది గట్టి అభిప్రాయం.

రంగుల దగ్గర తొందర వద్దు. సహజ రంగులంటే పసుపు నీళ్ళలో ముంచడం కాదు, అలా చేస్తే ఎండకి నెలలో వెలిసిపోతది. ముందు బట్టలో గంజి పూర్తిగా పోవాలి, కరక్కాయ నీళ్ళలో నానాలి, పటిక పట్టాలి, అప్పుడే రంగు నిలుస్తది. మంజిష్ఠతో ఎరుపు, దానిమ్మ తొక్కతో పసుపుపచ్చ ఛాయ, నీలిమందుతో నీలం, తుప్పు ఇనుమూ బెల్లం పులియబెట్టి నలుపు. మొదటి బ్యాచ్‌కి రెండే రంగులు పెట్టుకోండి, లేదా అసలు రంగు వేయని బట్టతోనే మొదలెట్టండి. కొనే రంగులు అయితే నిషేధించిన అజో రంగులు (ఒక రకం కెమికల్ రంగులు) కావని రాతపూర్వకంగా తీసుకోండి.

కుట్టేముందు బట్టని తప్పకుండా ఒకసారి నానబెట్టి ఆరేయండి, లేదంటే కస్టమర్ మొదటి ఉతుకులోనే కుర్తా పొట్టి అయిపోతది. కుట్టడానికి మా ఊళ్ళో డ్వాక్రా సంఘాల్లో మిషన్ వచ్చిన ఆడవాళ్ళు ముగ్గురు చేస్తున్నారు, పీసు రేటు. కటింగ్‌లో మిగిలిన ముక్కలు పారేయకుండా సైజుల వారీగా సంచుల్లో కట్టి పెడతాం, సంచులు కుడతాం, బాగా చిన్నవి బొంతల్లోకి పోతాయి.

ధర ఎలాగంటే, ఉదాహరణకి బట్ట మీటరు 300 అనుకోండి, రెండున్నర మీటర్లకి 750, కుట్టుకూలి 250, గుండీలూ దారం 40, ప్యాకింగ్ 40, కొరియర్ 80, సాంపిళ్ళూ రిటర్నులూ చూసుకుని 100, మొత్తం 1260. దాన్ని 1500కి అమ్మితే ఏడాదిలో మూసేస్తారు, ఫోటోలు, అద్దె, మీ జీతం ఎక్కడి నుంచి వస్తాయి? 2400 దగ్గర పెట్టి ఎందుకంత అయిందో కస్టమర్‌కి విడమరిచి చెప్పండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2500 లోపు రెడీమేడ్ బట్టలకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. అంటే 2500 కుర్తా టాక్సుతో 2625, 2600 కుర్తా అయితే 3068. ఆ గీత దగ్గర ధర పెట్టేటప్పుడు గుర్తుంచుకోండి.

కాగితాలు పెద్ద కష్టం కాదు. చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బులడిగే సైటైతే అది అసలుది కాదు. వేరే రాష్ట్రానికి పంపాలంటే మామూలుగా జీఎస్టీ నంబర్ కావాలి. ట్రేడ్‌మార్క్ బట్టలకి 25వ క్లాసు, వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 4500, వేసేముందు ఆ పేరు ఇంకెవరికైనా ఉందేమో వెతకండి. లోన్ కావాలంటే పీఎంఈజీపీ అని కేంద్రం సబ్సిడీ లోన్ పథకం ఉంది, అది చూడండి, పల్లెల్లో పెట్టే యూనిట్‌కి జనరల్ వాళ్ళకి 25 శాతం, మహిళలకీ ఎస్సీ, ఎస్టీ, బీసీలకీ 35 శాతం సబ్సిడీ ఉంది.

ఇంకోటి, ఎకో ఫ్రెండ్లీ, 100 శాతం ఆర్గానిక్ అని ఇష్టమొచ్చినట్టు రాయకండి. రుజువు లేని పర్యావరణ ప్రచారం మీద 2024లో కేంద్రం గైడ్‌లైన్స్ తెచ్చింది. మీకు తెలిసిందే రాయండి, ఏ ఊళ్ళో నేశారు, నూలు మిల్లుదా చేతిదా, ఏ రంగు వేశారు, గుండీ కొబ్బరి చిప్పదా ప్లాస్టిక్‌దా. మా ట్యాగ్ మీద ఇవే ఉంటాయి, వెనకవైపు ఎలా ఉతకాలో రాస్తాం, చల్లనీళ్ళలో విడిగా ఉతికి నీడలో ఆరేయమని. చిరిగితే పంపండి, కుట్టి తిరిగి పంపుతాం అని కూడా రాస్తాం. మొదటి ఏడాది అలా వెనక్కి వచ్చినవి పదకొండు, వాటిలో తొమ్మిది చంక దగ్గరే పిగిలాయి, దాంతో ఆ కుట్టు డబుల్ చేయించాం.