బడ్జీలకు కొబ్బరి నూనె పెట్టాలంటే

మన వైపు కొబ్బరి నూనె అంటే తలకే, కూరలోకి పల్లి నూనె. అందుకే బడ్జీలకు, అంటే దుకాణాల్లో లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న పిట్టలకు, తినడానికి పెడదామనుకున్నవాళ్ల చేయి ముందు అద్దం దగ్గరున్న సీసా మీదికి పోతుంది. దాంట్లో మల్లెవాసన, మందారం లాంటివి కలిపి ఉంటే అది పనికిరాదు. తినే నూనె కావాలి. నేను హనుమకొండలో గానుగ పట్టే దుకాణం నుంచి చిన్న సీసా తెచ్చుకుంటాను. పెద్దది తెస్తే అయిపోయేలోపు పాత వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిన నూనె పిట్టకు వద్దు.

ఇక అసలు సంగతి కొలత. బడ్జీ తూకం 30 నుంచి 40 గ్రాములు. తల మీద కుచ్చు ఉండే పెంపుడు చిలుక కాకటీల్ అయితే 80, 100 మధ్య. ఒక్క నూనె చుక్క బడ్జీ కడుపులోకి పోయిందంటే, ఒంటి బరువు లెక్కన మనిషి ఐదారు పెద్ద చెంచాలు తాగినట్టే. పిట్టకు అరుగుదల వేగం ఎక్కువే, లెక్క అంత సూటిగా ఉండదు. అయినా అర చెంచా పోసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. బడ్జీకి ఆవగింజంత, కాకటీల్‌కు జొన్నగింజంత, అదీ వారానికి రెండుసార్లు. అంతకు మించి నేను పెట్టను. గింజలతో పాటు పొద్దుతిరుగుడు కూడా తినే పిట్టకు కొవ్వు ముందే ఎక్కువ, దానికి ఈ నూనె అసలు అవసరం లేదు.

కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన చలికాలంలో పని తేలిక: పొడి టూత్‌పిక్ కొనతో ఆవగింజంత గీరుకోవచ్చు. ఎండాకాలం నీళ్లలా జారుతుంది కాబట్టి అదే పుల్లను ముంచి, సీసా అంచుకు తుడిచి, మిగిలిన తడి చాలనుకోవాలి. క్యారెట్ సన్నగా తురిమి, మునగాకో తోటకూరో చిదిమి, ఆ పుల్లతో బాగా కలపండి. చూస్తే నూనె కనిపించకూడదు, ఆకు మీద కాస్త మెరుపు ఉంటే చాలు. క్యారెట్‌తోనే ఎందుకంటే, ఉత్తి గింజలు తినే పిట్టలకు విటమిన్ ఎ తక్కువ పడుతుంది. కొబ్బరి నూనెలో అది లేదు, క్యారెట్‌లో, ఆకుకూరలో ఉన్న కెరోటినే ఒంట్లో విటమిన్ ఎగా మారుతుంది, ఆ కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు కావాలి. నా లెక్కలో నూనె చేసే మేలు అంతే.

మొదటిసారి మా కాకటీల్ ముక్కు కొయ్యకేసి అటూ ఇటూ రుద్దుకుని, తురుమంతా కింద పారేసింది. కొత్తదేది పెట్టినా దానిది అదే వరస, బతిమాలొద్దు. పొద్దున పెట్టి, ఏప్రిల్, మే నెలల్లో అయితే గంటలో తీసేయండి. గిన్నె సబ్బుతో తోమాలి, లేకపోతే జిడ్డుకు పొట్టు అంటుకుంటుంది.

గింజల డబ్బాలో, తాగే నీళ్లలో నూనె కలపొద్దు. ఆ నీళ్లలోనే స్నానం చేస్తాయి, ఈకలకు జిడ్డు పడితే అతుక్కుపోయి ఒంట్లో వేడి నిలవదు. మెరుపు కోసం ఈకలకు రాసే పని అస్సలు వద్దు.

పెట్టడం మొదలుపెట్టాక వంటింటి డిజిటల్ కాటా మీద వారం వారం తూకం చూడండి. రొమ్ము మధ్య ఎముక వేలికి తగలకుండా పోతున్నా, రెట్ట పలచబడినా ఆపేయండి. ముక్కు అతిగా పెరుగుతుంటే లివర్ దెబ్బతిన్నదేమో అనుకోవాలి, అప్పుడు నూనె మాట పక్కనపెట్టి డాక్టర్‌కు చూపించాలి. బడ్జీ ముక్కు చుట్టూ తెల్లగా, తేనెపట్టులా గుల్ల కడితే అది చర్మంలో చేరే, కంటికి ఆనని పురుగు పని. చాలామంది దానికి కొబ్బరి నూనె రాసి ఊరుకుంటారు. దానికి వాడేది ఐవర్‌మెక్టిన్ అనే మందు, డోసు పిట్ట తూకాన్ని బట్టి డాక్టరే చెప్పాలి. ఒకదానికి వస్తే పంజరంలో మిగతావాటినీ తీసుకెళ్లండి.