వెక్టర్ ఇండెక్స్ జాబితాలో ఉంది, సెర్చ్ మాత్రం నత్తనడక: సమస్య - పరిష్కారం

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పీజీవెక్టర్ (ఫోటోల వంటి వాటిని వెక్టర్లు అనే సంఖ్యల వరుసలుగా దాచి, ఒకదానిని పోలినవాటిని వెతికే ఎక్స్‌టెన్షన్) వాడేవారి దగ్గర, ఆ వెతుకులాటను వేగంగా చేసే ఇండెక్స్‌ల జాబితా తీసే స్క్రిప్టు ఒకటి ఎలాగూ ఉంటుంది కనుక, దానిని నడిపే పద్ధతి ఇక్కడ వివరించడం లేదు.

సమస్య: జాబితా ఖాళీగా వస్తోంది.

ముందుగా మీరు ఏ డేటాబేస్‌లో ఉన్నారో చూడండి. పోస్ట్‌గ్రెస్‌కు ఆదేశాలిచ్చే పీఎస్‌క్యూఎల్ ప్రాంప్ట్‌లోనే దాని పేరు కనిపిస్తూ ఉంటుంది. అయినా టెస్ట్ డేటాబేస్‌లో కూర్చొని "ఇండెక్స్ ఎగిరిపోయిందండీ" అని ఫోన్ చేసేవారికి నేటికీ కొదవ లేదు. తరువాత చూడవలసినది సెర్చ్ పాత్, అంటే పేర్లను వెతికే స్కీమాల (టేబుళ్లను విడదీసి ఉంచే అరల) వరుస. ఇండెక్స్‌లను చూపే బ్యాక్‌స్లాష్ డీఐ ఆదేశం ఆ పాత్‌లోని స్కీమాలను మాత్రమే చూపుతుంది. స్క్రిప్టు పాతదైతే వెక్టర్ ఇండెక్స్‌లలో ఐవీఎఫ్‌ఫ్లాట్ రకాన్ని మాత్రమే వెతుకుతూ ఉండవచ్చు, 2023లో పీజీవెక్టర్ 0.5.0 వెర్షన్‌తో వచ్చిన హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ రకం దాని కంటికి ఆనదు.

సమస్య: జాబితాలో ఇండెక్స్ ఉంది, క్వెరీ ఎలా నడుస్తుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్‌లో మాత్రం సీక్వెన్షియల్ స్కాన్ (ఇండెక్స్ వాడకుండా టేబుల్ మొత్తం చదవడం) కనిపిస్తోంది.

నన్ను బాగా ఏడిపించినది ఇదే. గుంటూరులోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి మేము విజయవాడ నుంచి ఒక సెర్చ్ తయారు చేసి ఇచ్చాము. కొత్తగా వచ్చిన లాటు ఫోటో పెడితే, రంగులోనూ తాలు కాయల పాలులోనూ దానిని పోలిన పాత లాట్లను అది చూపాలి. సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) పెరిగేకొద్దీ సెర్చ్ మందగించింది. ఇండెక్స్‌ల వివరాలు చూపే పీజీ_ఇండెక్సెస్‌లో చూస్తే ఇండెక్స్ పేరు, నిర్వచనం అన్నీ సక్రమంగానే ఉన్నాయి. రెండు రోజులు క్వెరీని అటూ ఇటూ తిప్పి రాశానే తప్ప, ఇండెక్స్‌ను అనుమానించలేదు.

జరిగినది ఇది. ఇండెక్స్‌ను కాంకరెంట్లీ పద్ధతిలో (టేబుల్‌లో రాతలను ఆపకుండా) కట్టమని ఆదేశం ఇచ్చాము. ఆ పద్ధతి, అప్పటికే తెరచి ఉండి, ఆ ఇండెక్స్‌తో సంబంధం ఉండగల పాత ట్రాన్సాక్షన్లు (ఒక్కటిగా పూర్తి కావలసిన పనుల కట్టలు) ముగిసేవరకు ఎదురుచూస్తుంది. మా సహోద్యోగి ఒకరు బిగిన్ కొట్టి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఆ టేబుల్‌లో మార్పు చేసి, కమిట్‌తో ముగించకుండానే భోజనానికి వెళ్లారు. ఆ ఎదురుచూపు కూడా స్టేట్‌మెంట్ టైమౌట్ (ఒక ఆదేశం నడవగల గరిష్ఠ సమయం) లెక్కలోకే వస్తుంది కనుక, మేము పెట్టిన అరగంట గడువు దాటగానే పని ఆగిపోయింది. ఇలా మధ్యలో ఆగిన కాంకరెంట్లీ ఇండెక్స్ తనంతట తాను తొలగిపోదు, చెల్లనిదిగా గుర్తు వేసుకొని అలాగే పడి ఉంటుంది. క్వెరీలకు పనికిరాకపోగా, కొత్త వరుసలు చేరినప్పుడల్లా దానిని తాజాగా ఉంచే బరువును కూడా మన మీద వేస్తుంది. ఆ తరువాతి మైగ్రేషన్‌లో (డేటాబేస్ మార్పుల స్క్రిప్టులో) "ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్", అంటే లేకపోతేనే కట్టు అని రాసి ఉండడంతో, పోస్ట్‌గ్రెస్ పేరు ఉందా లేదా అన్నది మాత్రమే చూసి, ఉందని నోటీసు ఇచ్చి ముందుకు వెళ్లిపోయింది. ఆ నోటీసును లాగ్‌లో ఎవరు చదువుతారు?

పీజీ_ఇండెక్సెస్ వ్యూలో ఈ చెల్లుబాటు వివరం లేదు. బ్యాక్‌స్లాష్ డీఐ కూడా చెప్పదు. బ్యాక్‌స్లాష్ డీ పక్కన టేబుల్ పేరు ఇస్తే, ఇండెక్స్ వరుసలో "ఇన్‌వాలిడ్" అన్న మాట కనిపిస్తుంది. స్క్రిప్టులోనైతే పీజీ_ఇండెక్స్ కేటలాగ్‌ను కలిపి, ఇండిస్‌వాలిడ్ కాలమ్‌ను పేరు పక్కనే చూపించండి. ఎఫ్ (ఫాల్స్, అంటే చెల్లదు) అని వస్తే, ఇండెక్స్ ఇప్పటికీ కడుతూ ఉండవచ్చు కనుక నడుస్తున్న కట్టడాలను చూపే పీజీ_స్టాట్_ప్రోగ్రెస్_క్రియేట్_ఇండెక్స్ చూడండి. అక్కడ ఏమీ లేకపోతే అది చచ్చిన ఇండెక్సే.

పరిష్కారం: ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ స్థితిలో (ట్రాన్సాక్షన్ తెరచి ఊరక) ఉన్న సెషన్లను ముగించి, మీ సెషన్‌కు మాత్రం స్టేట్‌మెంట్ టైమౌట్‌ను సున్నా (గడువు లేనట్టు) చేసి, పాత ఇండెక్స్‌ను డ్రాప్ ఇండెక్స్ కాంకరెంట్లీతో తీసివేసి మళ్లీ కట్టండి. ఇండెక్స్ కట్టడానికి వాడే మెమరీ పరిమితి అయిన మెయింటెనెన్స్ వర్క్ మెమ్ 64 ఎంబీ డిఫాల్ట్ దగ్గరే ఉంటే పెంచండి. హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ గ్రాఫ్ అందులో పట్టకపోతే కట్టడం బాగా ఆలస్యమవుతుంది.

మిగిలినవి ఒక్క చూపులో తేలిపోతాయి. వెక్టర్ల పోలికను కొలిచే పద్ధతుల్లో ఎల్2 దూరానికి కట్టిన ఇండెక్స్ కొసైన్ దూరం అడిగే క్వెరీకి ఉపయోగపడదు. క్వెరీలో ఆర్డర్ బై, లిమిట్ రెండూ ఉండాలి. టేబుల్ చిన్నదైతే సీక్వెన్షియల్ స్కానే సరైన ఎంపిక. జాబితాలో సీసీన్యూ అనే తోక ఉన్న చెల్లని ఇండెక్స్ కనిపిస్తే, అది విఫలమైన రీఇండెక్స్ (ఇండెక్స్‌ను తిరిగి కట్టే ఆదేశం) కాంకరెంట్లీ మిగిల్చిన శకలం. దానిని డ్రాప్ చేసి రీఇండెక్స్‌ను మళ్లీ నడపండి.